ఉత్తరాన ఒక పెసరగింజ

మొన్న మంగళవారం పొద్దున, పక్కింట్లోకి కొత్తగా వచ్చినవాళ్ళు గేటు దగ్గరి లెటర్ బాక్సు మీదున్న ఇత్తడి పలకను విప్పేశారు. నేను వంటింటి కిటికీ దగ్గర నిలబడి మినప్పప్పు కడుగుతున్నాను. నాలుగు మరల్లో మూడు బుద్ధిగా ఊడివచ్చాయి. నాలుగోది తుప్పుపట్టి మొండికేస్తే ఆ ఇంటాయన సుత్తి వెనక కొసతో పెకలించాడు. పలక ఊడినచోట చెక్క మీద పచ్చరంగు బయటపడింది, నిన్ననే వేసినట్టు, లేత అరిటాకులా. చుట్టూ ఉన్నదీ ఆ రంగేనట. ఎండకీ వానకీ వెలిసి, ఫలానా రంగని చెప్పలేని స్థితికి వచ్చి చాలా కాలమైంది. ఆ పలక మీద ఉన్నది ఒక ఐరిష్ ఇంటిపేరు. అదేమిటో ఇక్కడ రాయను. దాపరికం నా గుణం కాదు గాని, అది అంత అరుదైన పేరు. రాస్తే, ఆ ఇంట్లో ఇంతకుముందున్న ఆవిడెవరో ఈ దేశంలో ఎవరైనా ఒక్క పూటలో కనిపెట్టేస్తారు. మన వైపు ఒక ఇంటిపేరు రాస్తే నాలుగు జిల్లాలవాళ్ళు మాదే అనుకుంటారు. ఆవిడ విషయంలో అలా అనుకోవడానికి మనుషులు లేరు.

నేను బాపట్లలో ఆడపిల్లల హైస్కూల్లో ముప్పై ఒక్క ఏళ్ళు లెక్కలు చెప్పాను. హాజరు పిలిచేటప్పుడు ఇంటిపేరుతో సహా పిలిచేదాన్ని. ఒక క్లాసులో ముగ్గురు లక్ష్ములుంటే మరోదారి లేదు. మావారు పోయాక మా అమ్మాయి నన్ను ఆక్లాండ్ తీసుకొచ్చింది. మౌంట్ ఆల్బర్ట్‌లో వాళ్ళ ఇల్లు కొండవాలు మీద ఉంది. రోడ్డు మీదికి దిగాలంటే నిటారు సిమెంటు డ్రైవ్‌వే, వానాకాలంలో దాని నిండా పాచి. ఈ ఊళ్ళో వానాకాలం కానిది ఏ కాలమో నేనింకా తేల్చుకోలేదు. వచ్చిన రెండో ఏడు ఆ పాచి మీద జారి మోకాలి చిప్ప పగలగొట్టుకున్నాను. దాంతో మా అమ్మాయి రెండు పనులు చేసింది. ఒంటరిగా డ్రైవ్‌వే దిగనని నా చేత ఒట్టు వేయించుకుంది. వీధి తలుపు మీద కెమెరా పెట్టించింది. దొంగల కోసమని అంది. దొంగలెవరూ రాలేదు. ఆ కెమెరాలో ఇంతవరకు పడింది ఎక్కువగా నేనే.

"అమ్మా, బయటికెందుకొచ్చావ్? నాకు నోటిఫికేషన్ వచ్చింది."

"తులసికుండీ ఎండలో పెడదామనే."

"ఎండెక్కడుందమ్మా, రెయిన్ వార్నింగ్ ఉంటే! ప్లీజ్, లోపలికెళ్ళు. నేను మీటింగ్‌లో ఉన్నా."

లోపలికి వెళ్ళేదాన్ని. అది చెడ్డపిల్ల కాదు. ఆఫీసులో కూర్చుని నా మోకాలి గురించి బెంగపెట్టుకుంటుందని నాకు తెలుసు. ఆ బెంగ వల్లే దాన్ని ఏమీ అనలేకపోయేదాన్ని. ముప్పై ఒక్క ఏళ్ళు నేను గంట కొట్టిస్తే పిల్లలు లోపలికి వెళ్ళారు. ఇప్పుడు ఫోను మోగితే నేను వెళ్తున్నాను. పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం దాకా ఆ ఇంట్లో ఫ్రిజ్జూ నేనూ ఉండేవాళ్ళం. ఇద్దరిలో అదే ఎక్కువ మాట్లాడేది.

పక్కింటికీ మాకూ మధ్య చెక్క కంచె. ఆ వైపు ఫీజోవా చెట్టు కొమ్మలు మా వైపుకి వంగి, శీతాకాలం ముందు కాయలన్నీ మా పెరట్లో రాల్చేవి. జామకాయంత ఉంటాయి, లోపల జామా అనాసా కలిసిన వాసన. పరాయి చెట్టు కాయలు ఉంచుకోవడం ధర్మం కాదని ఒకరోజు బకెట్టు నిండా ఏరి, లెక్కపెట్టి, కంచె మీదుగా అటు అందించాను. అవతల వాకర్ పట్టుకుని నిలబడ్డ ఒక పొడుగాటి ముసలావిడ ఆ బకెట్టు కేసి చూసి, నా కేసి చూసి, నవ్వలేక కంచె పట్టుకుంది. ఈ దేశంలో ఫీజోవాలు కాసే రోజుల్లో అందరూ అందరికీ వాటిని అంటగట్టడానికే చూస్తారట. వీధి గుమ్మంలో సంచి పెట్టి పారిపోయేవాళ్ళున్నారట గాని, తిరిగి తెచ్చి ఇచ్చిన మనిషిని చూడటం ఆవిడకి జన్మలో అదే మొదటిసారట. ఆ కంచెకి ఒక చెక్క వదులుగా ఉందని చూపించింది. దాన్ని పక్కకి జరిపితే మనిషి పట్టేంత సందు. అది పెరటి వైపు ఉంది. కెమెరా వీధి వైపు ఉంది. ఇంతకంటే వివరించను.

మా మాటలన్నీ ఇంగ్లీషులోనే జరిగేవి. నాది పుస్తకాల ఇంగ్లీషు, ఆవిడది సగం పదాలు మింగేసే ఇక్కడి ఇంగ్లీషు. ఇక్కడ తెలుగులో రాసుకుంటున్నాను. ఆవిడ నాకంటే తొమ్మిదేళ్ళు పెద్ద. పేరు పెట్టి పిలవమంది. నాకు నోరు రాలేదు. "అక్కా" అన్నాను, అర్థం చెప్పాను. ఆ తర్వాత నేను పేరు పెట్టి పిలిచినా ఆవిడ పలికేది కాదేమో. నన్ను మాత్రం "టీచర్" అనేది. మొదటి రోజే నా ఇంటిపేరు అడిగింది. పుట్టింటిదా, అత్తింటిదా అన్నాను. "రెండున్నాయా? ఏది నీది?" అంది. ఈ ప్రశ్న డెబ్బై ఏళ్ళలో నన్నెవరూ అడగలేదు. పెళ్ళిరోజు మధ్యాహ్నానికల్లా ఇంటిపేరూ గోత్రమూ రెండూ మారిపోయాయని, ఎవరూ నా సంతకం కూడా అడగలేదని చెప్పాను.

ఆవిడ పెళ్ళి చేసుకోలేదు. ఒకసారి కుదిరిందట. తండ్రి వద్దనలేదట. "సరే, పేరు నీతో సరి" అని మాత్రం అన్నాడట. కొడుకులు లేరు, ఇద్దరూ కూతుళ్ళే. చెల్లెలికి అప్పటికే పెళ్ళయింది. వద్దన్నా బాగుండేది, కాదని చేసుకునేదాన్ని అని ఆవిడ కెటిల్ కేసి చూస్తూ అంది. అలా ఆ పేరు పట్టుకుని ఆ ఇంట్లోనే ఉండిపోయింది, తండ్రిని చూసుకుంటూ, ఆయన పోయాక ఆయన మొదలుపెట్టిన పనిని చూసుకుంటూ.

ఆ పని ఆ ఇంటిపేరు వెతుకులాట. పేరు పుట్టింది ఐర్లండ్‌కి నైరుతి మూల, కెర్రీలో, ఒక నది సముద్రంలో కలిసేచోట ఉన్న రెండు మూడు పల్లెల్లోనట. ఎవరో పుణ్యపురుషుడి గుడిలో సేవచేసే ఒకాయన, ఆయన మనుమలు. పేరు ముందు ఉండే ‘ఓ’ అనే ఒంటి అక్షరానికి మనుమడనే అర్థమట. "అయితే అక్కా, ఎనభై దగ్గరపడ్డా మీరింకా ఎవరికో మనుమడేనా?" అన్నాను. "మనుమడి ఉద్యోగానికి రిటైర్‌మెంట్ లేదు టీచర్" అంది. బంగాళాదుంప పంట కుళ్ళి జనం ఆకలితో చచ్చిన ఏళ్ళలో ఆ పల్లెల్లో బతికి బయటపడ్డవాళ్ళు తలో ఓడ ఎక్కారు. ఆస్ట్రేలియా బంగారు గనుల్లో పని తగ్గాక ఒక్కడు, ఈవిడ ముత్తాత, ఈ దేశపు దక్షిణ దీవికి వచ్చి పడమటి ఒడ్డున హొకిటికా రేవులో దిగాడు. అక్కడినుంచి ఆ పేరు ఏయే ఊళ్ళకి పాకింది, ఏ ఊళ్ళో ఆరిపోయింది అన్నది ఆవిడ తండ్రి ఏటా లైబ్రరీకి వెళ్ళి టెలిఫోన్ డైరెక్టరీలన్నీ తిరగేసి చూసేవాడట. భోజనాల బల్ల మీద పెద్ద పటం పరిచి ఉండేది. గుచ్చిన గుండుసూదులు తుప్పుపట్టి రాలిపోతుంటే, నేను మా ఇంటినుంచి ఒక డబ్బాలో నల్లశనగలు తెచ్చాను. కుటుంబానికొక శనగ. హొకిటికాలో, గ్రేమౌత్‌లో, ఇంకా దక్షిణాన. తర్వాత ఆవిడ ఒక్కొక్క ఊరి కథా చెబుతుంటే ఒక్కొక్క గింజా తీసేశాం. గనిలో పోయినవాడు, యుద్ధానికి పోయినవాడు, ఏడుగురు కూతుళ్ళే పుట్టినవాడు. వాన చినుకులు కిటికీకి కొడుతుండగా ఆ సాయంత్రానికి పటం మీద ఒకే గింజ మిగిలింది. మేమున్న చోట.

మా పుట్టింటి ఇంటిపేరు ఒక ఊరిపేరని నేను ఆవిడకి చెప్పాను. ఆ ఊళ్ళో మావాళ్ళెవరూ లేరు. అసలు ఆ ఇంటిపేరు గలవాళ్ళు ఆ ఊళ్ళో ఎప్పుడూ ఉండరు. ఊళ్ళో ఉన్నవాణ్ణి ఊరిపేరుతో ఎవరు పిలుస్తారు? వదిలిపెట్టి పోయినవాడికే అది అంటుకుంటుంది. ఆవిడకి ఈ మాట ఎంత నచ్చిందంటే, బ్రెడ్ కోస్తున్న కత్తి పక్కన పెట్టి మళ్ళీ చెప్పించుకుంది.

అలాగని పేరు కలిసిన ప్రతివాణ్ణీ ఆవిడ తనవాడనుకునేది కాదు. ఐర్లండ్ ఉత్తరపు కొసన, డొనెగాల్‌లో, ఇదే పేరుతో మరో వంశం ఉందట. వేరే మూలపురుషుడు, వేరే చరిత్ర. పన్నులు రాసుకునే ఇంగ్లీషు గుమాస్తాలు రెంటినీ ఒకే గాటన కట్టేశారట. నాకు వెంటనే అర్థమైంది. మన దగ్గరా ఇంటిపేరు ఒకటే అయి గోత్రాలు వేరైన కుటుంబాలు ఎన్నో. ఇంటిపేరు కలిసిందని మురిసిపోకుండా గోత్రం అడిగి తేల్చుకుంటాం. ఒకాయన ఆస్ట్రేలియానుంచి ఫొటోలు మోసుకుని ఆవిడ్ని చూడటానికి వచ్చాడట. మాటల్లో ఆయన ముత్తాత డొనెగాల్ మనిషని తేలింది. ఆవిడ టీ ఇచ్చి, కేకు ఇచ్చి, మీరు మావాళ్ళు కారని చెప్పి పంపేసింది. "పాపం, కన్నీళ్ళు పెట్టుకున్నాడు. కాని లెక్క లెక్కే కదా టీచర్" అంది. ఆ మాటతో ఆవిడ మీద నాకు గౌరవం రెట్టింపైంది. ముందుముందు అదే మాట మా కాళ్ళకి చుట్టుకుంటుందని అప్పుడు తోచలేదు.

మరుసటి శీతాకాలం మొదట్లో ఆవిడ వంటింట్లో పడిపోయింది. పొద్దున చెక్క జరుపుకుని వెళ్ళిన నాకు నేలమీద కనిపించింది, స్పృహలోనే ఉంది. "ఆలస్యమైంది టీచర్, టీ పెట్టలేకపోయాను" అంది. తుంటి ఎముక బీటలు వారింది. ఆస్పత్రినుంచి వచ్చేసరికి హామిల్టన్‌నుంచి చెల్లెలి కొడుకు వచ్చి ఉన్నాడు. మన వరసలో చెల్లెలి కొడుకంటే కొడుకే. అతను మంచివాడు, అది ముందే చెప్పాలి. చెల్లెలు పోయాక ఈవిడ బాగోగులు అతనివే. నా ఎదురుగానే చెప్పాడు. ఇంక ఆంటీ ఒక్కర్తే ఈ ఇంట్లో ఉండటానికి వీల్లేదు. హామిల్టన్‌లో తన ఇంటి దగ్గరే, పెద్దవాళ్ళుండే ఒక రెస్ట్ హోమ్‌లో గది చూశాడు. "సొంతమనిషి ఎవరైనా వచ్చి నీతో ఉంటానంటే నాకు అభ్యంతరం లేదు. దారినపోయేవాళ్ళని నీ ఇంట్లో పెట్టి నేను అక్కడ నిద్రపోలేను. వసంతం దాకా చూద్దాం" అన్నాడు. వాకర్ తగలకుండా కుర్చీలు గోడవారకి జరిపి, మెట్ల వైపు తలుపుకి గడియ బిగించి వెళ్ళాడు. ఆ గడియ చప్పుడు నాకు బాగా తెలిసిన చప్పుడు.

"సొంతమనిషట! ఉన్నదల్లా ఈ గింజ ఒక్కటే" అని ఆవిడ పటం మీది శనగను వేలితో గిరగిరా తిప్పింది.

జూలైలో, అంటే ఇక్కడ నడి శీతాకాలంలో, ఒకరోజు నా మోకాలి పట్టీ పార్సిల్ వచ్చింది. తెచ్చింది ముప్పై అయిదు దాటిన కొరియర్ అమ్మాయి. అంత చలిలోనూ నిక్కరే. ఈ దేశంలో కొరియర్‌వాళ్ళ మోకాళ్ళకి చలి ఉండదు, ఆ అదృష్టం నా మోకాలికి లేదు. మెడలో వేలాడే కార్డు మీద పేరు చదవడం నా పాత అలవాటు. చదివాను. కార్డు పట్టుకుని మళ్ళీ చదివాను.

"ఇది నీ ఇంటిపేరేనా?"

"అవునాంటీ. ఎవ్వరికీ సరిగ్గా నోరు తిరగదు."

"పుట్టుకతోనా, పెళ్ళివల్లా?"

పకపకా నవ్వింది. "మా నాన్నది. పెళ్ళీ గిళ్ళీ ఏం లేవు."

"కదలకు. ఇక్కడే ఉండు."

ఈలోగా ఫోను. "అమ్మా, ఏం చేస్తున్నావ్? ఆ కొరియర్ ఆవిడ మెడలో కార్డు పట్టుకుని లాగుతున్నావేంటి? ఆమె కంప్లైంట్ ఇస్తే!"

"కంప్లైంటా? చుట్టరికం కలుస్తోందే!" అని పెట్టేశాను. అంతవరకు దాని ఫోను నేను ముందుగా పెట్టేసింది లేదు.

ఆ అమ్మాయి పాపటోయిటోయిలో, ఎయిర్‌పోర్టుకి దగ్గర్లో, మరో ముగ్గురితో కలిసి ఒక ఫ్లాట్‌లో ఉంటోంది. హాల్లో సోఫా మీద పడక. మా అమ్మాయి వారం వారం కరివేపాకు కొనే షాపుకి రెండు వీధుల అవతల. దక్షిణ దీవి అంతా గింజలు పరిచి వెతికిన పేరు, ఒకే ఊళ్ళో కరివేపాకు వాసన తగిలే దూరంలో ఉంది. ముసలావిడ సంగతి చెబితే ఆ అమ్మాయికి కళ్ళు మెరిశాయి. "గది ఖాళీగా ఉందా? నాకా? బొగ్గు మోస్తాను, కట్టెలు కొడతాను, ఏం చేయమన్నా చేస్తాను." తనకి ఆది, సోమవారాలు సెలవు. సోమవారం వస్తానంది.

ఆ సోమవారం ముసలావిడ నీలం స్వెటర్ వేసుకుని, తల దువ్వుకుని, గంట ముందే బల్ల దగ్గర కూర్చుంది. నేను ఫీజోవా రోటిపచ్చడి తీసుకెళ్ళాను. ఆ అమ్మాయి వాళ్ళమ్మ పద్ధతిలో వేయించిన రొట్టెలు తెచ్చింది, మన పూరీలకి అన్నగార్లలా లావుగా. పచ్చడి నంచుకుని ముగ్గురం తిన్నాం. తల్లి మావోరీ, ఈ దేశపు మూలవాసి. అమ్మవైపు తన కొండ ఏదో, తన నది ఏదో, పెద్దలు వచ్చిన పడవ ఏదో వరసగా చెప్పింది. మన పెద్దవాళ్ళు ప్రవర చెప్పినట్టే ఉందనిపించి నాకు ఒళ్ళు పులకరించింది. ముసలావిడ ఆ అమ్మాయి చేతిని వదలకుండా పట్టుకునే ఉంది. "ముక్కు మా నాన్నదే" అంది. ఆ ముక్కులో నాకు ఏ పోలికా కనబడలేదు గాని, ముక్కు మీద లెక్కలు వేయడం నా సబ్జెక్టు కాదు.

అక్కడితో ఆగిపోతే సరిపోయేది. పెళ్ళిచూపుల్లో ఇంటిపేరు కుదిరాక గోత్రం అడగకుండా లేచే తెలుగుమనిషిని నేను చూడలేదు. చుట్టరికం మీద ముద్ర పడాలనే సంతోషంతోనే అడిగాను. "మీ నాన్నవైపు మొదట వచ్చిన పెద్దాయన, ఓడ ఎక్కింది ఎక్కడమ్మా?"

"దిగింది తెలుసు. ఉత్తరాన హొకియాంగా. కౌరీ చెట్ల బంక తవ్వడానికి వచ్చాడట. ఎక్కిందెక్కడో మా మేనత్తనడగాలి" అని అప్పుడే ఫోను చేసి స్పీకర్‌లో పెట్టింది. వాళ్ళ ఇంట్లో మొన్నమొన్నటిదాకా ఫోనే లేదట, డైరెక్టరీల్లో ఎలా దొరుకుతారు? ఫోనులో కోళ్ళు అరుస్తున్నాయి. వాటి మధ్యనుంచి మేనత్త గొంతు వినిపించింది. "తాతగారి సమాధి రాయి మీద ఉంటుంది కదే! చిన్నప్పుడు దానిమీదెక్కి కూర్చునేదానివి. డొనెగాల్."

ముసలావిడ చెయ్యి వదల్లేదు. కాని ఇంక పట్టుకుని లేదు.

శనగల డబ్బాలో ఎలా కలిసిందో ఒక పెసరగింజ ఉంది. దాన్ని తీసి నేను పటంలో ఉత్తరపు కొసన హొకియాంగా మీద పెట్టాను. ఏదో ఒకటి చేయాలి కదా. ఆ అమ్మాయే ముందు తేరుకుంది. "అయితే ఏంటి? కజిన్ అని చెప్పేద్దాం. మావాళ్ళలో ఎవరి పిల్లనైనా తెచ్చి పెంచుకుంటే ఫాంగై అంటాం. కన్నావా అని ఎవరూ అడగరు." నాకూ ఊపు వచ్చింది. మనలో దత్తత ఉందని, ఒక్క పూటలో గోత్రం మారుతుందని, నాది మారలేదా అని, ఎనభై ఏళ్ళావిడ ముప్పై అయిదేళ్ళ పిల్లని దత్తు తీసుకోకూడదని ఎక్కడా లేదని గబగబా చెప్పాను. ఆవిడ మా ఇద్దర్నీ మార్చిమార్చి చూసి, "రొట్టెలు చాలా బాగున్నాయి" అంది.

తర్వాతి ఆదివారం చెల్లెలి కొడుకు వచ్చాడు. సంగతి సగం ఫోనులో తెలిసే వచ్చాడు, ముఖంలో సంతోషమే ఉంది. ఆ అమ్మాయీ వచ్చింది, ఆ రోజు నిక్కరు కాదు, ప్యాంటు. అతను చెయ్యి కలిపి, "మన పేరువాళ్ళు ఇంకా ఉన్నారంటే నమ్మలేకపోతున్నాను. అయితే ఏ తాత వైపు మనకి చుట్టం?" అన్నాడు. మామూలుగా, కుశలం అడిగినట్టు అడిగాడు. సమాధానం ఏదైనా ఒప్పుకునేవాడే. నా నోటినిండా అబద్ధం కాని జవాబులు సిద్ధంగా ఉన్నాయి. ఒకే ఇంటిపేరువాళ్ళు మా లెక్కలో దాయాదులు, అని చెబుదామనుకుని గొంతు సవరించుకున్నాను.

"ఏ వైపూ కాదు" అంది ఆవిడ. "వీళ్ళది డొనెగాల్. మనది కెర్రీ. పేరు ఒకటే, మనుషులు వేరు."

పొయ్యిలో కట్టె ఒరిగింది. అతను లేచి దాన్ని సర్దాడు. ఆ అమ్మాయి కిటికీలోంచి ఫీజోవా చెట్టు చూస్తోంది. చివరికి అతను, "అయితే ఆంటీ, వసంతంలో" అన్నాడు. అతనికీ ఏమంత ఆనందంగా లేదు.

వాళ్ళు వెళ్ళాక ఆవిడ్ని నేను అన్నన్ని మాటలు నా విద్యార్థినుల్లో ఎవర్నీ అనలేదు. ఒక్క మాట మింగితే ఏం పోయింది? ఈ గోడలు, ఈ పొయ్యి, ఈ కంచె సందు, అన్నీ పోగొట్టుకుని ఎవరికి మేలు చేశారు అని కేకలేశాను. ఎవరి కోసం అరుస్తున్నానో నాకు తెలుస్తూనే ఉంది. ఆ సందు పోతే నాకు మిగిలేది ఫ్రిజ్జే. ఆవిడ అంతా విని, "ఆస్ట్రేలియా ఆయన్ని ఆ కుర్చీలోంచే లేపి పంపాను టీచర్" అంది. "నాకు అవసరం లేనప్పుడు డొనెగాల్ వాళ్ళు పరాయివాళ్ళు, నాకు బొగ్గు మోసే మనిషి కావలసివచ్చేసరికి సొంతవాళ్ళా? ఆయన ముఖం ఏ ముఖంతో చూడను?" ఆయన పోయి పదేళ్ళు దాటిందట. అది కూడా చెప్పింది. ఆ ఇంటిపేరు ఆవిడకి ఇల్లూ అదే, తాళమూ అదే. తాళంచెవి ఆవిడ చేతిలోనే ఉంది, ఆవిడే తిప్పుకుంది. నేనూ సరిగ్గా అలాంటి మనిషినే కాబట్టి, కుర్చీలో కూర్చుని రెండో కప్పు టీ తాగాను.

వసంతంలో వెళ్ళిపోయింది. ఇల్లు అమ్మకానికి పెట్టేముందు అంతా బాగుచేయించారు. ఒక పొద్దున సుత్తి చప్పుడుకి పెరట్లోకి వెళితే పనివాళ్ళు కంచె చెక్కకి కొత్త మేకులు కొడుతున్నారు. నన్ను చూసి, ఇదిగో గట్టిపడింది, ఇంక ఊడదు అని భరోసా ఇచ్చారు. థాంక్యూ చెప్పాను. ఆ వేసవి పెద్దదనిపించింది.

వేసవి చివర కొరియర్ అమ్మాయి మళ్ళీ ఏదో పార్సిల్ తెచ్చింది. ఇచ్చి, వెళ్ళకుండా నిలబడింది. "ఆంటీ, సోమవారం హామిల్టన్ వెళ్తున్నా. ఇది మూడోసారి. మీరెప్పుడొస్తారని ఆవిడ ప్రతిసారీ అడుగుతోంది. వస్తారా?" సొంతం కాదని మొహాన చెప్పిన మనిషిని చూడటానికి అంత దూరం ఎందుకు వెళ్తున్నావని అడిగాను. "సొంతం కాదంది గాని, రావద్దనలేదు కదా" అంది.

సోమవారం తన పాత కారు డ్రైవ్‌వే మీదకి వెనక్కి తెచ్చి, గుమ్మంలో నన్ను ఎక్కించుకుంది. ఒంటరిగా దిగనని కదా ఒట్టు. రోడ్డెక్కేలోగానే ఫోను.

"అమ్మా, ఎక్కడికి?"

"హామిల్టన్‌కి."

"ఎవరితో?"

"డొనెగాల్ వాళ్ళమ్మాయితో. చారు స్టవ్ మీద ఉంది, వేడి చేసుకోండి."

రెస్ట్ హోమ్‌లో ఆవిడ గది తలుపు మీద ఒక పువ్వు బొమ్మ, కింద ఒంటి పేరు. అక్కడ అందరికీ అంతే, ఇంటిపేరుతో ఎవరికీ పనిలేదు. గోడమీద పటానికి చోటు చాలక మడిచి పరుపు కింద పెట్టుకుంది. నన్ను చూసి పలకరింపు కూడా లేకుండా, "గింజలు తెచ్చావా టీచర్?" అంది. తెచ్చాను. మంచం మీద పటం పరిచి హామిల్టన్ మీద ఒక శనగ, ఉత్తరాన పెసరగింజ పెట్టాం. అప్పటినుంచి నెలకోసారి వెళ్తున్నాం. పోయిన నెల ఎదురుగదావిడ తొంగిచూసి, వీళ్ళు మీవాళ్ళా అని అడిగింది. అక్క ఇద్దర్నీ పరీక్షగా చూసి, "కాదు. ఈమెది డొనెగాల్. ఈమెది ఇండియా. చుట్టరికమేం లేదు. వస్తుంటారు, అంతే" అంది. ఎదురుగదావిడ కొడుకులు ముగ్గురట, వాళ్ళలో ఒక్కర్నీ మేమక్కడ చూడలేదు. ఆవిడ మా కేసి చూసిన చూపులో జాలి లేదు.

ఇంతకీ మొన్న ఆ పలక ఊడదీసినాయన దాన్ని చెత్తడబ్బా మీద పడేసి లోపలికి వెళ్ళిపోయాడు. మర్నాడు చెత్తబండి వచ్చే రోజు. ఇంట్లో ఎవరూ లేరు. చెయ్యి తుడుచుకుని, కర్ర తీసుకుని, వీధి తలుపు తెరిచి డ్రైవ్‌వే దిగాను, పాచి లేనివైపు, గోడ పట్టుకుని. వెనక ఇంట్లో ఫోను మోగి ఆగింది, మళ్ళీ మోగింది. మోగనిచ్చాను. ఒట్టు సంగతి సాయంత్రం మాట్లాడుకోవచ్చు. అడిగితే ఆ ఇంటాయన, తీసుకోండి, దానికేముంది అన్నాడు. పలక నేననుకున్నదానికంటే బరువుగా ఉంది. కొంగుతో తుడిచి చుట్టుకున్నాను. వచ్చే సోమవారం దాన్ని హామిల్టన్ పంపాలి, అంటే నేనే తీసుకెళ్ళాలి. పైకి ఎక్కేముందు లెటర్ బాక్సు దగ్గర ఒక్క నిమిషం ఆగాను. అంతకాలం పేరు కప్పి ఉంచిన మేర పచ్చగా నిగనిగలాడుతోంది. దానికిప్పుడు ఎండ తగులుతోంది. నా లెక్క ప్రకారం రెండు వేసవులు పడితే అదీ చుట్టుపక్కల రంగులో కలిసిపోతుంది, అక్కడ ఏదో ఉండేదని చెప్పడానికి అప్పుడు చూసినవాళ్ళే మిగలాలి.